మన దొడ్లో పెరిగిన పొట్టేలైనా, ఖీమా ఖీమానే

గంగజాతర అయిపోయిన వారంలో నాకొచ్చే ఫోన్లలో ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది. "మన దొడ్లో మేసింది మేడం, దానికేం రోగం ఉంటాది? అంగట్లో ఖీమా అయితే భయపడాల గానీ."

చిత్తూరు పక్క పల్లెల్లో పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఖీమాను కూరగా గంటసేపు ఉడికించినన్నాళ్లూ ఈ నమ్మకం ఎవరికీ చేటు చేయలేదు. ఇప్పుడు పిల్లలు అదే ఖీమాతో ఇంట్లో బర్గర్లు చేస్తున్నారు. బర్గర్ మధ్యలో పెట్టే ఖీమా బిళ్ల, అంటే ప్యాటీ, పెనం మీద ఉండేది కొన్ని నిమిషాలే.

ఈ-కోలై ఓ157 అనే క్రిమి ఎక్కువగా ఆవులు, ఎద్దుల పేగుల్లో ఉంటుంది. గొర్రెల్లో, మేకల్లో కూడా ఉండొచ్చు. అది ఉన్న జీవం చలాకీగానే మేస్తుంది, చూసి కనుక్కోలేం. తోలు తీసేటప్పుడు పేడ, పేగు తగిలితే మాంసం మీదికి చేరుతుంది. ముక్కగా ఉంటే క్రిమి పైపైనే ఉంటుంది, పెనం వేడికి చస్తుంది. ఖీమా కొట్టగానే పైనున్నది లోపలికి పోతుంది. తేడా అంతా ఇక్కడే ఉంది. 1993లో అమెరికాలో సరిగా కాలని గొడ్డు మాంసం బర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బు పడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ఈ క్రిమి చిన్నపిల్లల కిడ్నీలను దెబ్బతీస్తుంది.

అంగడి ఖీమాలో నాలుగైదు జీవాల మాంసం కలిసే అవకాశం ఉంది. మనది ఒక్కదానిదే. ఆ మేరకు మనదే మేలు, ఒప్పుకుంటాను. కానీ మే నెల ఎండలో చింతచెట్టు కింద కోసి, పేగులు తీసిన కత్తితోనే ముక్కలు కొట్టి, పంపకాలయ్యేదాకా మాంసాన్ని తట్టలో ఉంచితే ఆ మేలు మిగలదు.

మా ఇంట్లోనే జరిగింది. జాతర మరుసటి రోజు మా అన్న కొడుకు ప్యాటీలు కాల్చాడు. నడిమధ్య ఇంకా ఎర్రగానే ఉంది. "మెత్తగా ఉంది, మన పొట్టేలే కదా" అన్నారు పెద్దవాళ్లు. నేనూ ఊరుకున్నాను. మూడో రోజు ఐదేళ్ల పాపకు నెత్తుటి విరేచనాలు. ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచి తెచ్చుకున్నాం. క్రిమి పరీక్ష చేయించలేదు కాబట్టి ప్యాటీయే కారణమని తేల్చి చెప్పలేను. ఆ రోజు నోరు తెరవనందుకు ఇప్పటికీ బాధపడతాను.

గోధుమ రంగుకు తిరిగితే ఉడికినట్టే అనుకోకండి, చాలాసార్లు రంగు ముందే మారిపోతుంది. వంట థర్మామీటరు కొనండి. ప్యాటీ పక్కనుంచి మధ్యకు గుచ్చితే 71 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. కోడి ఖీమాకైతే 74. పచ్చి ఖీమా ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి వద్దు. మాంసం కడిగితే క్రిములు పోవు, సింకంతా చిందుతాయి.

ఇంటి పొట్టేలుకు మందులు ఉండవన్నదీ నిజం కాదు. పోయిన వారం నేనే సూది వేసి ఉంటాను. ఏ మందు వేశాక కోయడానికి ఎన్ని రోజులు ఆగాలో సీసా మీద రాసి ఉంటుంది, కోసే ముందు అడగండి.

గర్భిణులు చాలామంది టెన్షన్‌గా అడుగుతారు. బాగా ఉడికిన మాంసం నిశ్చింతగా తినమ్మా. సరిగా ఉడకనిదే వద్దు, కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే క్రిమి భయం ఉంది. పిల్లలకు విరేచనాల్లో నెత్తురు కనిపిస్తే మాత్రం విరేచనాలు ఆపే మాత్ర మీరే వేయకండి, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.