నడిమి మనిషికి గండమా? పాత ఫోటోల మీద అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో మా స్టూడియోకు ఇప్పుడు కొత్త ఫోటోల కంటే పాత ఫోటోలే ఎక్కువ వస్తున్నాయి. తాత ఫోటోకు చెదలు పట్టిందనీ, అమ్మమ్మ మొహం మీద మచ్చలు లేచాయనీ నర్సంపేట, పరకాల, ములుగు నుంచి సంచుల్లో చుట్టుకొని తెస్తారు. ఫ్రేము ఊడదీస్తుంటే పక్కన నిలబడి ఏవేవో చెప్తారు. కొన్ని విని ఊరుకోవచ్చు. కొన్ని నమ్మకాల వల్ల మాత్రం ఇంట్లో ఉన్న ఒక్క గుర్తూ పోతోంది. ఈ నాలుగు మాటలు రాస్తున్నది అందుకే.

అపోహ: ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుంది. ముగ్గురు దిగితే నడిమి మనిషికి గండం.

కెమెరా మనిషిలోంచి ఏదీ లాక్కోదు. మన మీద పడిన వెలుతురు తిరిగి లెన్సులోకి పోతే దాన్ని ఫిల్ము పట్టుకుంటుంది, అంతే. మరి ఈ భయం ఎక్కడిది? మా పల్లెల్లో చాలామందికి మొదటి ఫోటో తీసింది పోయిన రోజునే. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, చుట్టూ పిల్లల్ని నిలబెట్టేవారు. పని నేర్చుకునే రోజుల్లో అలాంటి ఫోటోలకు నేనూ సైకిల్ మీద వెళ్ళాను. ఊళ్ళోకి ఫోటోగ్రాఫర్ వస్తే ఎవరో పోయారన్న లెక్క. ఆ రెంటినీ జనం ముడిపెట్టుకున్నారు.

ముగ్గురి సంగతికి నాకు తోచిన కారణం ఒకటుంది. నడుమ కుర్చీ వేసేది ఇంటి పెద్దకే. అందరికంటే ముందు పోయేదీ ఎక్కువగా ఆ పెద్దే.

ఈ భయంతో కెమెరా ముందుకే రాని అవ్వలు ఎందరో. దినాలకు ఫ్రేము కావాలని వాళ్ళ కొడుకులు ఆధార్ కార్డు తెచ్చి, "అన్నా, ఇదొక్కటే ఉన్నది, జర పెద్దగ చెయ్యి" అంటారు. గోరంత బొమ్మను గోడకు సరిపడా సాగదీస్తే అందులో ఆమె కళ్ళు ఉండవు. అవ్వ బతికి ఉండగానే, ఎండలో కూర్చొని వక్కాకు నములుతున్నప్పుడే ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

అపోహ: పాతకాలంలో నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి కాబట్టి ఎవరూ నవ్వేవారు కాదు.

మొదటి రోజులకు ఇది నిజమే. 1838లో, ఫోటో తీసే పద్ధతి కనిపెట్టిన డాగేర్ అనే ఫ్రెంచివాడు తన కిటికీలోంచి పారిస్ వీధిని తీసినప్పుడు వెలుతురు పడాల్సిన సమయం నిమిషాల్లో ఉండేది. అందుకే బండ్లతో కిక్కిరిసిన ఆ వీధి ఖాళీగా కనిపిస్తుంది. బూట్లు తుడిపించుకుంటూ ఒకచోటే నిలబడిన మనిషి మాత్రం అందులో మిగిలాడు. 1851లో ఆర్చర్ అనే ఇంగ్లీషువాడు తడి కొల్లోడియన్ ప్లేటు (మందు పూసి తడి ఆరకముందే వాడే గాజు పలక) కనిపెట్టాక లెక్క సెకన్లలోకి వచ్చింది. 1871లో మాడాక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు చూపిన, జెలటిన్ అనే జిగురు పూసిన పొడి ప్లేటు బాగుపడుతూ వచ్చేసరికి సెకనులో చిన్న వంతు చాలింది.

1960లలో మన తాతలు స్టూడియోలో దిగేనాటికి షట్టర్ సెకనులో 30వ వంతు తెరుచుకుంటే పని అయిపోయేది. నవ్వాలనుకుంటే నవ్వొచ్చు. కానీ బతుకు మొత్తానికి ఒకటో రెండో ఫోటోలు. స్టూడియోవాళ్ళ కోటు తొడుక్కొని, చేతి గడియారం కనిపించేలా మోచెయ్యి స్టూలు మీద ఆనించి, నిండు సభలో నిలబడ్డట్టు నిలబడేవారు. ఇప్పుడు కొందరు పిల్లలు "తాతను నవ్వించు అంకుల్" అని అడుగుతున్నారు. ఫోన్ యాప్‌కు అది క్షణంలో పని. నేను చెయ్యను. ఆయన లోకానికి చూపాలనుకున్న మొహం ఆ బిగించిన మొహమే.

అపోహ: ఫిల్ము రీలుతో తీసిన ఫోటోలో అబద్ధం ఉండదు. మోసమంతా కంప్యూటర్‌తో వచ్చింది.

ఫోటో సంగతి లోకానికి తెలిసిన ఏడాదికే అబద్ధం కూడా పుట్టింది. ఫోటో కనిపెట్టిన గుర్తింపంతా డాగేర్‌కే పోయిందన్న బాధతో 1840లో బయార్ అనే ఫ్రెంచివాడు, నీళ్ళలో మునిగి చచ్చిన శవంలా తన ఫోటో తానే తీసుకున్నాడు. 1857లో రేలాండర్ సుమారు 30 నెగెటివ్‌లు కలిపి ఒకే ఫోటో చేశాడు.

అంత దూరం ఎందుకు, ఫోటోలు కడిగే మా డార్క్ రూమ్ సంగతే చెప్తాను. నెగెటివ్‌లో నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా ఉంటుంది కదా. మొహం మీది నల్లమచ్చ అక్కడ గాజులా ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీలో సన్నటి పెన్సిల్‌తో చుక్కలు పెడితే ప్రింటులో మచ్చ మాయం. నలుపు కావాలంటే బ్లేడుతో మెల్లగా గీకాలి. మా గురువు ఒక్క పెళ్ళికూతురి మొహం మీద పూటంతా కూర్చునేవాడు. నెగెటివ్ మళ్ళీ దొరకదు, చెయ్యి వణికితే అంతే.

ఇంకొకటి: భర్త ఫోటో ఒకటి, ఆయన పోయాక భార్య దిగింది ఒకటి తెచ్చి "ఇద్దర్నీ కలపండి" అనేవారు. ఎన్‌లార్జర్ (నెగెటివ్ బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం) కింద కాగితంలో సగానికి నల్ల అట్ట కప్పి ఒక నెగెటివ్ వేసి, తర్వాత రెండో సగానికి రెండోది వేసేవాళ్ళం. మీ గోడ మీద దంపతుల ఫోటో ఉంటే భుజాలు కలిసేచోట చూడండి. ఆయన మొహానికి వెలుతురు ఎడమ నుంచి, ఆమెకు కుడి నుంచి పడితే, ఆ ఇద్దరూ కలిసి ఎన్నడూ స్టూడియోకు రాలేదన్నమాట. నా దృష్టిలో అది మోసం కాదు. ఆమె కోరింది అదే, మేము చేసిచ్చాం.

అపోహ: ఆ కాలంలో మన దిక్కు ఆడవాళ్ళు ఫోటో దిగనే లేదు.

ఆరో నిజాం దగ్గర ఫోటోగ్రాఫర్‌గా పనిచేసిన లాలా దీన్ దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల ఫోటో తీసేదీ ఆడమనిషే.

అపోహ: మెగాపిక్సెల్ ఎక్కువైతే ఫోటో బాగుంటుంది.

ఆల్బంలో పెట్టే 4×6 ప్రింటుకు 2 మెగాపిక్సెల్ పైచిలుకు చాలు. మిగతాదంతా లెన్సు, వెలుతురు, తీసేవాళ్ళ చెయ్యి.

అపోహ: ఫోన్‌లోకి ఎక్కించుకున్నాం కదా, ఇంక పాత ప్రింటు ఎందుకు?

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇది. బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో ఉండేది జెలటిన్‌లో పొదిగిన వెండి రేణువులు. సరిగ్గా కడిగిన ప్రింటు వందేళ్ళు దాటి నిలుస్తుంది. పసుపు మరకలు వచ్చాయంటే చాలాసార్లు హైపో (బొమ్మ నిలవడానికి ప్రింటును ముంచే మందు) పూర్తిగా కడగలేదని అర్థం. కలర్ ప్రింటుది వేరే సంగతి: అందులో ఉండేవి రంగులే, కిటికీ ఎదురుగా వేలాడదీస్తే ఏళ్ళలోనే వెలిసిపోతాయి. ఫోన్ పోతే అన్నీ ఒకేసారి పోతాయి. కాపీ తీసుకోండి, అసలుదీ దాచుకోండి.

2023 జూలై వానలకు హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగినప్పుడు ముద్దయిన ఆల్బంలు మా బల్ల మీద కుప్పపడ్డాయి. తొందరపడి ఎండలో ఆరబెట్టినవే ఎక్కువ పాడయ్యాయి, ఒకదానికొకటి అతుక్కుపోయి. తడిసిన స్టూడియో ప్రింట్లను ఆరనివ్వకుండా శుభ్రమైన చల్లటి నీళ్ళలో ఉంచి, మెల్లగా విడదీసి, బొమ్మ పైకి వచ్చేలా నీడలో తెల్ల కాగితం మీద పరవాలి. బొమ్మవైపు వేలు తగలనివ్వొద్దు. అసలు ఫోటోకు లామినేషన్ చేయించొద్దు, దాన్ని మళ్ళీ ఊడదీయలేం. ఫ్రేములో ఫోటో అద్దానికి అతుక్కుంటే గోటితో పీకకండి. అద్దంతో సహా తీసుకురండి, అద్దం మీదుగానే కాపీ తీస్తాం.