80 నుంచి 110కి: ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె వేగం హద్దు ఎలా మారింది

గుండె లయ క్రమం తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బు ఉన్న రోగి గుండె విశ్రాంతిలో నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోవచ్చు అని అడిగితే, వైద్యులు చాలాకాలం పాటు 80కి మించకూడదనే చెప్పేవారు. అయితే ఆ హద్దును మరో హద్దుతో పోల్చి, రోగులను రెండు వర్గాలుగా విడదీసి పరీక్షించిన పెద్ద అధ్యయనం 2010 వరకు వెలువడలేదు. వేగం అదుపులో లేకపోతే గుండె గదులు సాగి, బలహీనపడతాయన్న ఆందోళనే ఆ కట్టడికి ముఖ్య కారణం. ఆ ఆందోళన నిరాధారమైనది కాదు కనుక, అది ఎలా ఏర్పడిందో తెలుసుకోకుండా ఇప్పటి హద్దును అర్థం చేసుకోవడం కష్టం.

ఈ జబ్బులో గుండె పైగదులైన కర్ణికల్లో విద్యుత్ సంకేతాలు నిమిషానికి 350 నుంచి 600 దాకా చిందరవందరగా పుడతాయి. కింది గదులైన జఠరికలకు అవన్నీ చేరవు; మధ్యలో ఉన్న ఏవీ నోడ్ చాలావాటిని ఆపేస్తుంది. అయినా మందు వాడని రోగిలో నాడి 100 దాటి పరుగెత్తడం సాధారణం. అప్పుడు జఠరిక రక్తంతో నిండడానికి వ్యవధి చాలదు, పైగా కర్ణిక చివరలో ఇచ్చే తోపు కూడా ఉండదు.

వేగాన్ని తగ్గించే మందు జబ్బు పేరు కంటే ముందే దొరికింది. ఇంగ్లండ్‌కు చెందిన విలియం విథరింగ్ ఒళ్లు నీరు పట్టిన రోగులకు ఫాక్స్‌గ్లోవ్ మొక్క ఆకు ఇచ్చి, తన అనుభవాలను 1785లో గ్రంథంగా ప్రకటించారు. గుండె కదలికపై ఆ ఆకుకున్న శక్తిని అందులోనే గుర్తించారు. 1906లో ఈసీజీని రూపొందించిన శాస్త్రవేత్త ఐంథోవెన్ ఈ క్రమం తప్పిన లయను ఈసీజీలో చూపగా, 1909లో లండన్‌లో థామస్ లూయిస్, వియన్నాలో రోత్‌బెర్గర్, వింటర్‌బెర్గ్ అది కర్ణికల ఫిబ్రిలేషనేనని నిర్ధారించారు. ఆ మొక్క జాతి నుంచి వచ్చిన డిగాక్సిన్ ప్రధానంగా విశ్రాంతిలో గుండెను నెమ్మదిగా ఉంచే వేగస్ అనే నరం ద్వారా ఏవీ నోడ్‌ను నెమ్మదింపజేస్తుంది కాబట్టి, కూర్చున్నప్పుడు పనిచేసినంతగా మెట్లెక్కేటప్పుడు పనిచేయదు. 1960ల నుంచి వచ్చిన, అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే బీటా బ్లాకర్లు, తర్వాతి వెరాపమిల్, డిల్టియాజెమ్ మందులు ఆ లోటును చాలావరకు పూడ్చాయి.

ఇక గుండె ఆకృతి సంగతి. వేగంగా కొట్టుకునే ఫిబ్రిలేషన్‌తో పాటు గుండె వైఫల్యం వచ్చిన రోగి గురించి 1913లోనే వైద్య పత్రికల్లో వివరణ ఉంది. 1962లో జంతువుల గుండెను పేసింగ్‌తో, అంటే కృత్రిమ విద్యుత్ ప్రేరణలతో, నిరంతరాయంగా వేగంగా నడిపించినప్పుడు అది వైఫల్యానికి లోనయింది. వేగాన్ని అదుపు చేస్తే అలాంటి జఠరికలు ఎన్నోసార్లు తిరిగి కోలుకోవడం ఆ తర్వాతి దశాబ్దాల్లో స్పష్టమైంది. కర్ణిక విషయంలో మాత్రం కారణమేది, ఫలితమేది అన్న చిక్కు చాలాకాలం తేలలేదు. సాగిన కర్ణికలోనే ఫిబ్రిలేషన్ వస్తుందని అందరూ అనుకునేవారు. అయితే 1990లో గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే ఎకో పరీక్షలతో కొందరు రోగులను కాలక్రమంలో గమనించినప్పుడు, ఇతర గుండె జబ్బేదీ లేకపోయినా ఫిబ్రిలేషన్ కొనసాగడం వల్లనే కర్ణికలు పెద్దవవుతున్నట్టు కనిపించింది. 1995లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో మేకలపై జరిగిన ప్రయోగం ఇంకా ముందుకెళ్లింది. వాటిలో ఫిబ్రిలేషన్‌ను పదేపదే కృత్రిమంగా పుట్టిస్తూ పోగా, మొదట్లో కొద్దిసేపటికే ఆగిపోయినది క్రమంగా రోజంతా నిలవసాగింది. 11 మేకల్లో 10 ఆ స్థితికి చేరాయి.

ఇన్ని ఆధారాలుండగా వేగాన్ని గట్టిగా తగ్గించాలనుకోవడంలో వింతేమీ లేదు. 2002లో వెలువడిన అఫర్మ్ అధ్యయనం 4060 మందిలో లయను సరిచేసే చికిత్సను, వేగాన్ని మాత్రమే అదుపు చేసే చికిత్సను పోల్చి, మరణాల విషయంలో మొదటిదానికి మెరుగేమీ లేదని చెప్పింది. అందులో వేగ నియంత్రణ అంటే విశ్రాంతిలో 80 లోపు, ఆరు నిమిషాల నడకలో 110 లోపు.

ఆ హద్దునే రేస్ 2 అధ్యయనం నేరుగా పరీక్షించింది. ఇసబెల్ వాన్ గెల్డర్ నాయకత్వంలో నెదర్లాండ్స్‌లో శాశ్వత ఫిబ్రిలేషన్ ఉన్న 614 మందిలో ఒక వర్గానికి విశ్రాంతిలో 110 లోపు ఉంటే చాలన్నారు (సడలింపు వర్గం), రెండో వర్గానికి 80 లోపే ఉండాలన్నారు (కట్టడి వర్గం). మూడేళ్లలో గుండె సంబంధిత మరణం, గుండె వైఫల్యం, పక్షవాతం వంటి ప్రధాన ఘటనలు సడలింపు వర్గంలో 12.9 శాతం, కట్టడి వర్గంలో 14.9 శాతం మందిలో నమోదయ్యాయి. సడలింపు వర్గంలో 97.7 శాతం మంది తమ లక్ష్యాన్ని చేరుకోగా, కట్టడి వర్గంలో అది 67 శాతమే. పైగా మందు మోతాదు సరిచేయడానికే వీరు ఎన్నో రెట్లు ఎక్కువసార్లు వైద్యుల దగ్గరకు రావలసి వచ్చింది.

అయినా అసలు ఆందోళన గుండె ఆకృతి గురించి కదా. 2011లో అదే బృందం ఎకో కొలతలను విడిగా ప్రకటించింది. ఎడమ కర్ణిక పరిమాణంలో గాని, ఎడమ జఠరిక వ్యాసంలో గాని సడలింపు వల్ల అదనపు చెరుపు కనిపించలేదు. ఆకృతి చెడడానికి వేగం హద్దు కంటే స్త్రీ కావడానికే ఎక్కువ సంబంధం కనబడింది. ఈ రెండో ఫలితానికి దక్కవలసినంత శ్రద్ధ దక్కలేదని నా అభిప్రాయం. స్త్రీల గుండె ఎందుకు వేరుగా స్పందిస్తుందో తేల్చడం అంకెల మీద చర్చ కంటే ఉపయోగకరం.

110 అన్న అంకెను అపార్థం చేసుకునే ప్రమాదమూ ఉంది. సడలింపు వర్గంలో మోతాదు కుదిరాక సగటు వేగం నిజానికి 93 మాత్రమే, కట్టడి వర్గంలో 76. అంటే పోల్చినది 93నీ 76నీ తప్ప, 110 అంచున ఏళ్ల తరబడి ఉన్న గుండెను కాదు. వేగం వల్లనే బలహీనపడిందని అనుమానించే జఠరికకు ఈ సడలింపు వర్తించదు. లయ సంగతి కూడా అక్కడితో ముగియలేదు: 2020లో వచ్చిన ఈస్ట్-ఎఎఫ్‌నెట్ 4 అధ్యయనంలో, జబ్బు బయటపడిన ఏడాదిలోపే లయను సరిచేసే చికిత్స మొదలుపెట్టినవారిలో గుండె సంబంధిత ఘటనలు తగ్గాయి.

తెలుగు రాష్ట్రాల్లో రుమాటిక్ జ్వరం వల్ల ఎడమ కర్ణికకూ జఠరికకూ మధ్యనున్న మైట్రల్ కవాటం ఇరుకై, ఫిబ్రిలేషన్‌తో వచ్చే రోగులు ఇప్పటికీ ఉన్నారు. ఇరుకు కవాటం గుండా రక్తం దిగడానికి ప్రతి స్పందన మధ్యా తగినంత విరామం కావాలి. వేగం పెరిగితే ఎడమ కర్ణికలో ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అందువల్ల నెదర్లాండ్స్ రోగుల నుంచి వచ్చిన 110ని వీరికి యథాతథంగా అన్వయించకూడదు.