తెల్లటి తెర మీద తెల్లటి కణితి

రొమ్ము క్యాన్సర్‌ను కనిపెట్టడానికి తీసే ఎక్స్‌రే అయిన మామోగ్రామ్‌లో కొవ్వు నల్లగా కనిపిస్తుంది. పాల గ్రంథులు, వాటిని పట్టి ఉంచే పీచు కణజాలం తెల్లగా కనిపిస్తాయి. కణితీ తెల్లగానే ఉంటుంది. చిక్కంతా ఇక్కడే. కొవ్వు ఎక్కువగా ఉన్న రొమ్ములో చిన్న కణితి కూడా చీకటి ఆకాశంలో చుక్కలా బయటపడుతుంది. కణజాలం దట్టంగా ఉన్నచోట అదే కణితి మబ్బు చాటుకు పోతుంది. ఈ సాంద్రత చేతికి తెలిసేది కాదు. గట్టిగా తగిలే రొమ్ములో కొవ్వే ఎక్కువ ఉండవచ్చు.

అమెరికాలోని కనెటికట్‌కు చెందిన నాన్సీ కపెల్లోకు 2004లో క్యాన్సర్ బయటపడింది. అంతకు కొద్ది వారాల ముందే మామోగ్రామ్‌లో ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. డాక్టరు చేతికి తేడాగా తగిలి అల్ట్రాసౌండ్ చేయించేసరికి వ్యాధి 13 లింఫు గ్రంథులకు పాకింది. తన రొమ్ము కణజాలం దట్టమైనదని అంతవరకు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి చెప్పి తీరాలని ఆమె పోరాడితే 2009లో ఆ రాష్ట్రంలో చట్టం వచ్చింది. 2024 సెప్టెంబరు నుంచి అమెరికా అంతటా ఆ నియమం అమలవుతోంది. రిపోర్టులో ఒక్క వాక్యం చేర్చడానికి ఇన్నేళ్లు పట్టిందంటే మనసు కలుక్కుమంటుంది.

మామూలు మామోగ్రామ్ కొన్ని సెంటీమీటర్ల మందాన్ని ఒకే బొమ్మలోకి అణిచేస్తుంది. పై పొర నీడ మీద లోపలి పొర నీడ పడుతుంది. టోమోసింథసిస్ అనే త్రీడీ మామోగ్రామ్ ఈ నీడలను విడదీస్తుంది. రొమ్మును ఎప్పటిలాగే పలకల మధ్య నొక్కి ఉంచుతారు. ఎక్స్‌రే గొట్టం మాత్రం, యంత్రాన్ని బట్టి 15 నుంచి 50 డిగ్రీల మేర, వంపుగా కదులుతూ తక్కువ మోతాదులో వరుసగా బొమ్మలు తీస్తుంది. రైలు కిటికీలోంచి చూస్తే దగ్గరి స్తంభాలు పరుగెడతాయి, దూరపు కొండ కదలనట్టే ఉంటుంది. అలాగే ఏ నీడ ఎంత జరిగిందో చూసి, అది ఎంత లోతులో ఉందో కంప్యూటర్ లెక్కగట్టి, దాదాపు మిల్లీమీటరుకు ఒకటి చొప్పున పొరలు గీస్తుంది. రేడియాలజిస్టు వాటిని ఒక్కొక్కటిగా దాటుతుంటే, ఒకచోట చుట్టూ ముళ్లలాంటి గీతలున్న మచ్చ తేటగా కనిపించి, మరికొన్ని పొరలు దాటగానే కరిగిపోతుంది. నార్వేలోని ఓస్లోలో 12 వేలకు పైగా మహిళలను పరీక్షించి 2013లో ప్రకటించిన ఫలితాల్లో, మామూలు మామోగ్రామ్ వెయ్యి పరీక్షలకు 6.1 క్యాన్సర్లను పట్టుకుంటే, త్రీడీ జోడించినప్పుడు 8 దొరికాయి.

అయితే త్రీడీ పొరలను విడదీయగలదే గానీ, తెలుపు పక్కన తెలుపును వేరు చేయలేదు. మరీ దట్టమైన రొమ్ములో ఏ పొర తీసినా అంతా తెల్లగానే ఉంటుంది. అక్కడ ఎమ్మారై మెరుగు: నరంలోకి ఎక్కించిన మందును కణితి ఎక్కువగా అందుకుని వెలుగుతుంది. రిపోర్టులో సాంద్రతను ఎ నుంచి డి వరకు నాలుగు అక్షరాలతో సూచిస్తారు. సి, డి దట్టమైనవి. ‘ఏమీ లేదు’ అన్న మాట పక్కన డి ఉంటే, అల్ట్రాసౌండో ఎమ్మారైయో కూడా అవసరమా అని డాక్టరును అడగండి.