కొండ లేని చోట కొండ సైకిలు: గోదావరి గట్ల మీద అపోహలు - వాస్తవాలు

"ఆయ్, కొండే లేని చోట కొండ సైకిలేంటండీ?" రావులపాలెంలో టీ కోసం ఆగితే ఈ మాట ఎవరో ఒకరు అనకుండా ఉండరు. కోనసీమలో ఎంటీబీలు (మౌంటెన్ బైకులు, అంటే కొండ సైకిళ్ళు) రిపేరు చేస్తూ, ఆదివారాలు నలుగురైదుగురిని వెంటేసుకుని ఏటిగట్ల మీద తిరగడం నా పని. నేను వినే అపోహల్లో కొన్ని నవ్వి వదిలేయొచ్చు. కొన్ని మాత్రం మనిషిని కాలువలో పడేస్తాయి. ఈ రెండో రకం గురించే ఎక్కువ రాస్తాను.

అపోహ: డెల్టా అంతా చదును, తొక్కడం తేలిక

చదును మాట నిజమే. ధవళేశ్వరం దాటాక సముద్రం దాకా ఎక్కాల్సిన ఎత్తంటూ ఉండదు. చడావులు కావాలనుకుంటే పెద్దాపురం మెట్టకో, రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాటీకో పోవాలి. అయితే ఘాటీలో రాయి, మలుపు, లోయ ముందే కంటికి కనిపిస్తాయి. ఇక్కడ చూడ్డానికి అంతా ఒకేలా ఉంటుంది, నేల మాత్రం ఫర్లాంగుకోసారి మారిపోతుంది. ఏటిగట్టు మీద గట్టి గ్రావెలు. గట్టు దిగితే పుంతలో (పొలాల మధ్య మట్టి బాటలో) ట్రాక్టరు చక్రాల గాళ్ళు. తోటలోకి తిరిగితే ఎండు కొబ్బరి మట్టలు. లంకలోకి (ఏటి మధ్య దీవిలోకి) దిగితే ఇసుక, నీటి ఒడ్డున ఒండ్రు. ఇదంతా అరగంటలోనే.

అన్నిటికంటే కష్టమైనది బోదెగట్టు, అంటే చేలకి నీళ్ళు పారే పిల్లకాలువ గట్టు. వెడల్పు రెండు అడుగులు కూడా ఉండదు, ఒక పక్క చేను, రెండో పక్క నీళ్ళు. భయంతో నెమ్మదిగా వెళ్తే ఇంకా తూలుతాం, ఎందుకంటే సైకిలు నిలబడేదే హ్యాండిలును కొద్దికొద్దిగా సర్దుకోవడం వల్ల. వేగం మరీ తగ్గితే ఆ సర్దుబాటు పెద్దపెద్దగా చేయాల్సి వస్తుంది, దానికి గట్టు చాలదు. చూపు ముందు చక్రం మీద కాకుండా పదిహేను ఇరవై అడుగుల దూరాన ఉండాలి. నీళ్ళవైపు చూస్తే నీళ్ళలోకే పోతాం, ఇది ప్రతి కొత్తవాళ్ళతోనూ చూస్తున్నాను. కాలు పెట్టాల్సి వస్తే చేనువైపే పెట్టాలి. బూటును పెడలుకు బిగించే క్లిప్పుల్లాంటివి కాలువ పక్కన అస్సలు వద్దు. వీపు సంచీకి ఛాతీ దగ్గరుండే బకిలు కూడా విప్పేయమంటాను, నీళ్ళలో పడితే సంచీ తేలిగ్గా వదిలించుకోవచ్చు.

పెద్ద కాలువ గట్లు మాత్రం హాయిగా ఉంటాయి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువల్లో పడవలు నడిచేవి. తాడు కట్టి గట్టు మీద నడుస్తూ పడవను లాగేవారు. మనం తొక్కేది ఆ నడక దారులే.

అపోహ: గుర్రపుడెక్క కనిపిస్తే పక్కనుంచి పోతే చాలు, నీళ్ళు తెలుస్తాయిగా

తెలియవు. మురుగు కాలువ మీద గుర్రపుడెక్క దట్టంగా పరుచుకుంటే సాయంత్రం వెలుతురులో అచ్చం పచ్చగడ్డి మైదానంలా ఉంటుంది. బయటి ఊరి నుంచి వచ్చిన ఒకాయన మలుపు తగ్గించుకుందామని నేరుగా దాని మీదికే పోనిచ్చారు. సైకిలు బయటికి తీయడానికి ఇద్దరు మనుషులూ, ఒక కొక్కెమూ కావాల్సి వచ్చింది. ఆకులు గుండ్రంగా, నున్నగా మెరుస్తూ కనిపిస్తే దాని కింద నేల లేదని లెక్క.

అపోహ: బురద కనిపిస్తే స్పీడు పెంచి దాటేయాలి

ఏ బురద అన్నది ముందు తేలాలి. నల్ల రేగడి తడిస్తే జిగురు. చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి టైరుకీ ఫోర్కుకీ (చక్రాన్ని పట్టి ఉంచే కవకీ) మధ్య ముద్దలా పట్టేసి చక్రం ఆగిపోతుంది. ఇంకా గట్టిగా తొక్కితే వెనక డిరైలర్ (గేరు మార్చే భాగం) విరిగి చైను స్పోకుల్లో పడుతుంది. నా దగ్గరికి వానాకాలంలో వచ్చే ఖరీదైన రిపేర్లలో ఎక్కువ ఇవే. దిగి, ఎండు కొబ్బరి మట్ట ముక్కతో గీకేసి, సైకిలు భుజానికెత్తుకోవడం కంటే మార్గం లేదు.

వరద తీసిన తర్వాత ఒండ్రు ఇంకో రకం. పైన ఎండి పెచ్చులు కట్టి, పగుళ్ళు వచ్చి గట్టి నేలలా కనిపిస్తుంది. కింద జావ. నేను చూసేది పశువుల గిట్టల గుర్తులు. గిట్ట అంగుళం లోపు దిగితే పోవచ్చు. మడమ దాకా దిగిందంటే తిరిగి రావడమే. గుర్తులే లేకపోతే మరీ అనుమానించాలి, పశువులకి తెలిసే అటు పోలేదన్నమాట. ఒకవేళ కాళ్ళు కూరుకుపోతే గింజుకోవద్దు. సైకిలును పక్కకు పడుకోబెట్టి దాని మీద బరువు వేసి, వెనక్కి వాలి, ఒక్కో కాలూ మెల్లగా ఊపుతూ తీయాలి.

ఇసుకలో మాత్రం ఆగకుండా పోవడం పనిచేస్తుంది: తేలిక గేరు, బరువు వెనక్కి, హ్యాండిలు మీద చేతులు వదులుగా. అంతర్వేది, ఓడలరేవు తీరాల్లో సముద్రం వెనక్కి తీసే పాటు సమయం చూసుకుని తడి ఇసుక మీద తొక్కండి, రోడ్డులా ఉంటుంది. పోటు వచ్చాక మిగిలేది పొడి ఇసుకే.

అపోహ: టైరులో గాలి ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది

గాలి కొట్టే కుర్రాడు బొటనవేలితో నొక్కి "ఇంకో రెండు కొట్టనా" అంటాడు. వద్దనండి. టైరు పక్కన రాసుండే పెద్ద అంకె అది తట్టుకునే హద్దు మాత్రమే, అంత కొట్టమని కాదు. రాళ్ళలా గట్టిపడ్డ టైరు పుంతలో ఎగిరెగిరి పడుతుంది, నేలను పట్టుకోదు. డెబ్భై కిలోల మనిషికి, 2.2 అంగుళాల టైరుకి నా లెక్క (పీఎస్‌ఐ అంటే గాలి ఒత్తిడి కొలత): తారురోడ్డుకి 32 పీఎస్‌ఐ, పుంతకి 26 లేదా 27. ట్యూబ్‌లెస్ అయితే ఇసుకలో 20 దాకా దిగొచ్చు. ట్యూబు ఉంటే అంత దిగొద్దు, గట్టి అంచుకి తగిలినప్పుడు రిమ్ముకీ నేలకీ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. టైరు మీద కనీస అంకె కూడా రాసుంటే దాని కిందికి పోవద్దు. ట్యూబ్‌లెస్‌లో పోసే ద్రవం మన ఎండలకి రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. అది చూసుకోకుండా తుమ్మముళ్ళ మీదికి వెళ్ళి "ట్యూబ్‌లెస్ దండగ" అనేవాళ్ళు చాలామంది.

అపోహ: ముందు బ్రేకు పడితే పల్టీ కొడతాం

ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. బ్రేకు వేయగానే బరువు ముందుకొచ్చి ముందు టైరు నేలను గట్టిగా పట్టుకుంటుంది, వెనకది తేలికై జారుతుంది. పల్టీ ఎప్పుడంటే, చేతులు బిగుసుకుని, సీటు మీద నిటారుగా కూర్చుని ఒక్కసారిగా నొక్కినప్పుడు. పిరుదులు సీటు మీంచి లేపి వెనక్కి తీసుకుని, పెడళ్ళు రెండూ ఒకే ఎత్తులో పెట్టి, ఒక్క వేలితో మెల్లగా పెంచుతూ నొక్కాలి. మలుపులోకి వెళ్ళకముందే వేగం తగ్గాలి. గ్రావెలు మలుపు మధ్యలో ముందు చక్రం బిగిస్తే ఎంతటివాడైనా పడతాడు. నా ఎడమ మోచేతి మీద మచ్చ అలా వచ్చిందే. అదీ అరువు సైకిలు: మన దగ్గర చాలావాటికి కుడి లివరు ముందు బ్రేకు, దానికి తారుమారుగా ఉంది. ఎవరి సైకిలైనా ఎక్కేముందు ఏ లివరు దేనిదో చూసుకోండి.

అపోహ: కాజ్‌వే (నీళ్ళు పైనుంచి పారే లోతట్టు దారి) మీద మోకాలి లోతే కదా

ఇక్కడ నేను సర్దుకుపోను, వెనక్కి తిప్పేస్తాను. పారే నీటి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది, సైకిలు చక్రాలు దానికి అడ్డం నిలబడతాయి. కాజ్‌వే అంచు కోసుకుపోయిందో లేదో ఆ ఎర్రనీళ్ళలో కనపడదు. ఇక్కడ ఎండ కాస్తున్నా వరద వస్తుంది, వాన కురిసేది ఎక్కడో ఇంద్రావతి, శబరి పరీవాహకంలో కాబట్టి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది వచ్చిందంటే ఆ వారం లంకల రైడు మానేస్తాం.

అపోహ: పాము కరిస్తే పైన తాడుతో కట్టి, గాటు పెట్టాలి

రెండూ వద్దు. గట్టు కన్నాల్లో ఎలుకలు, ఎలుకల కోసం పాములు, కాబట్టి గట్టు దిగి గడ్డిలో కాలు పెట్టేముందు చూసుకోవాలి. కరిస్తే ఉంగరం, వాచీ తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, నడిపించకుండా 108కి ఫోను చేయాలి. విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపే ఉంటుంది, పామును చంపి పట్టుకెళ్ళే పని లేదు.

అపోహ: కొబ్బరి బొండం ఉంటే ఓఆర్ఎస్ ఎందుకు

కోనసీమవాణ్ణి, బొండాన్ని తక్కువ చేసి మాట్లాడలేను. కానీ చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. బొండం నీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. మే నెల ఉక్కలో రెండు గంటలు తొక్కితే బొండంతో పాటు ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్ళలో కలుపుకుని తాగండి. దింపు (కాయలు కోయడం) జరుగుతున్న తోటలో మాత్రం చెట్టు కింద ఆగి తాగొద్దు.

అపోహ: ఫుల్ సస్పెన్షన్ లేకపోతే ఎంటీబీయే కాదు

ఫుల్ సస్పెన్షన్ అంటే ముందూ వెనకా రెండు చోట్లా షాకులు. డెల్టాకి ముందు షాకు ఒక్కటి చాలు. మిగిలిన డబ్బు మంచి టైర్లకీ హెల్మెట్‌కీ పెట్టండి. తీరం రైడు నుంచి వచ్చిన రాత్రే మామూలు నీళ్ళతో కడిగేయండి, వాటర్ సర్వీసింగు గన్ను మాత్రం బేరింగుల మీద కొట్టించొద్దు. తుడిచి, చైనుకి నూనె వేశాకే భోజనం. పొద్దున్న చూద్దాంలే అనుకుంటే ఉప్పు గాలికి చైను తెల్లారేసరికే ఎర్రబడుతుంది.