గ్రీన్‌కార్డు క్యూలో పుట్టిన ఊరి లెక్క

అమెరికాలో హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న తెలుగువాళ్లు, అక్కడి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే వీసా బులెటిన్ తెరిచి వెతికేది ఒక్కటే, అందులోని తేదీ తమ ప్రయారిటీ డేట్‌కి, అంటే గ్రీన్‌కార్డు క్యూలో తాము చేరిన తేదీకి, దగ్గరపడిందా లేదా అని. బులెటిన్‌లో తేదీ కదలకపోవడానికి ప్రధాన కారణం ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో దేశానికి 7 శాతం పరిమితి. అందులో చూసేది పౌరసత్వం కాదు, పుట్టిన చోటు. గుంటూరులో పుట్టినవాళ్లు కెనడా పాస్‌పోర్టు తెచ్చుకున్నా భారత్ క్యూలోనే నిలబడాలి.

అమెరికా పుట్టుక లెక్క చూడటం ఇవాళ మొదలైంది కాదు. వైష్ణోదాస్ బగాయ్ 1915లో భార్య కళ, ముగ్గురు కొడుకులతో పెషావర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగారు. బర్క్‌లీలో ఇల్లు కొని సామానుతో వెళ్లేసరికి, వీళ్లు లోపలికి రాకుండా ఇరుగుపొరుగు తాళాలు వేసి ఉంచారు. ఆ ఇంట్లో కాపురమే పెట్టలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడుపుకున్నారు, 1921లో పౌరసత్వం కూడా వచ్చింది.

అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్లలో పౌరసత్వం తెల్లవాళ్లకు, ఆఫ్రికా సంతతివాళ్లకు మాత్రమే. 1922 నవంబరులో, జపాన్‌లో పుట్టిన ఓజావా పౌరసత్వం అడిగిన కేసులో సుప్రీంకోర్టు, తెల్లవాళ్లంటే కకేషియన్లు, జపనీయులు ఆ కోవలోకి రారు అంది. మూడు నెలలు తిరిగేసరికి పంజాబ్ నుంచి వలస వచ్చిన భగత్‌సింగ్ థింద్ కేసు వచ్చింది. పంజాబీలు కకేషియన్లేగా అంటే, శాస్త్రం ఏమన్నా మామూలు మనిషి దృష్టిలో తెల్లవాళ్లు కారు అని తేల్చింది. రెండు తీర్పులూ రాసింది జస్టిస్ సదర్లాండే!

ఆ తీర్పుతో బగాయ్ పౌరసత్వం పోయింది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు భూమి కొనకూడదని కాలిఫోర్నియాలో 1913 నుంచే చట్టం ఉంది, దాంతో ఆస్తి కూడా వదులుకోవాల్సి వచ్చింది. ఇండియా వెళ్లొస్తానంటే బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకోమన్నారు. ఆ పాలన గిట్టకే దేశం విడిచిన మనిషి ఆయన. 1928లో ఒక పత్రికకు ఉత్తరం రాసి ప్రాణం తీసుకున్నారు.

1946లో భారతీయులకు పౌరసత్వం తెరిచారు, వలస కోటా మాత్రం ఏడాదికి 100 మంది. 1965 చట్టం జాతుల వారీ కోటాలు తీసేసి, తూర్పు అర్ధగోళంలో చిన్నా పెద్దా తేడా లేకుండా దేశానికి 20,000 పరిమితి పెట్టింది. చిక్కంతా ఆ సమానత్వంలోనే ఉంది. 1990 చట్టం దాన్ని 7 శాతంగా మార్చి, ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులకు ఏడాదికి 1,40,000 నంబర్లు కేటాయించింది.

ప్రధానంగా పీజీ స్థాయి చదువున్న ఉద్యోగుల విభాగమైన ఈబీ-2కు అందులో 28.6 శాతం, అంటే 40,040. దాన్లో 7 శాతమంటే సుమారు 2,800. భార్యాపిల్లలకూ ఇందులోంచే నంబర్లు పోతాయి కనుక, నలుగురున్న కుటుంబాలైతే 700తో సరి. మిగతా దేశాలు వాడుకోని నంబర్లు మిగిలిన ఏడాది భారత్‌కు ఎక్కువ దక్కుతాయి, తేదీ ముందుకు జరుగుతుంది. డిమాండ్ పెరిగితే వెనక్కీ పోతుంది. ఈలోగా పిల్లలకు చట్టం లెక్కలో 21 నిండితే తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోతారు. భార్యో భర్తో వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశం క్యూలోకి మారొచ్చు.

పుట్టిన ఊరు ఇప్పుడు ఏ దేశంలో ఉందో అదే లెక్క. పెషావర్‌లో పుట్టిన బగాయ్ ఇవాళ దరఖాస్తు పెడితే పాకిస్థాన్ కింద పడేవారు, భారత్ క్యూతో పనే ఉండేది కాదు.