నీళ్లు లేని నది, కంచె లేని సరిహద్దు

నొసోబ్ పటంలో నది. అక్కడికి వెళ్లి చూస్తే రెండు ఒడ్లున్న ఇసుక దారి. గడ్డి మొలిచి ఉంటుంది, తుమ్మ జాతి చెట్లు పెరిగి ఉంటాయి, వాటి నీడన ఒక్కోసారి సింహాలు పడుకుని ఉంటాయి. నీళ్లు పారడం మాత్రం పెద్దవాళ్లు చెప్పుకునే ముచ్చట. అయినా దక్షిణాఫ్రికాకూ బోట్స్వానాకూ ఇక్కడ హద్దు ఈ నదే. అక్కడక్కడా పాతిన తెల్లటి హద్దురాళ్లు తప్ప కంచె లేదు. నదీగర్భం వెంబడి మెలికలు తిరిగే మట్టిరోడ్డు మీద వెళ్లే పర్యాటకులు తమకు తెలియకుండానే ఈ దేశంలోంచి ఆ దేశంలోకి వెళ్లి, మళ్లీ ఇటు వచ్చేస్తుంటారు.

ఇదే కలహారి ఎడారిలో రెండు దేశాల మీదుగా పరుచుకున్న కగలగాడి ట్రాన్స్‌ఫ్రాంటియర్ పార్కు. దక్షిణాఫ్రికా తన వైపు నేలను 1931లో జాతీయ పార్కుగా ప్రకటించింది. అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న బోట్స్వానా వైపు ఆ పని 1938లో జరిగింది. 1999లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. 2000 మే నెలలో అధ్యక్షులు థాబో ఎంబెకి, ఫెస్టస్ మొగాయే కలిసి పార్కును ప్రారంభించారు. మొత్తం విస్తీర్ణం సుమారు 38,000 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు కేరళ అంత. అందులో నాలుగింట మూడు వంతులు బోట్స్వానావే.

ఇంత నేల ఎందుకన్న ప్రశ్నకు జవాబు వానలో ఉంది. ఇక్కడ ఏడాదికి సగటున 200 మిల్లీమీటర్లు పడుతుంది. కరవు జిల్లాగా పేరుపడ్డ అనంతపురంలో దీనికి రెట్టింపు కంటే ఎక్కువే కురుస్తుంది. పైగా ఈ సగటు అంకె మనిషిని తప్పుదోవ పట్టిస్తుంది. కలహారిలో వాన నేలంతా పరుచుకుని పడదు. ఒక మేఘం ఒకచోట కుమ్మరించి పోతుంది, ఇరవై కిలోమీటర్ల అవతల చుక్క ఉండదు. వచ్చే ఏడాది ఎక్కడ కురుస్తుందో ఎవరూ చెప్పలేరు. పడిన నీరు ఇసుకలోకి ఇంకిపోతుంది, వారం పది రోజుల్లో అక్కడ పచ్చిగడ్డి లేస్తుంది. ఆ గడ్డి ఎక్కడుంటే అక్కడికి నడిచి వెళ్లగలిగిన జంతువే బతుకుతుంది. కాబట్టి ఇక్కడ జంతువులకు నీటి కొరతను తీర్చేది వైశాల్యమే. పార్కును సగానికి కోసి కంచె వేస్తే పోయేది సగం నేల కాదు. కరవు ఏట తప్పించుకునే దారి మొత్తం.

పడమటి అంచున అదే జరిగింది. నమీబియా వైపు హద్దు 20 డిగ్రీల తూర్పు రేఖాంశం. 1890లో బ్రిటన్, జర్మనీ ఒప్పందం కుదుర్చుకుని గీసిన గీత అది. ఇసుక దిబ్బలనూ, ఎండిన ఔవోబ్ నదినీ ఒకే తీరుగా నిట్టనిలువునా కోస్తూ పోతుంది. దాని మీద కంచె ఉంది. ఉత్తరాన మూడు దేశాలు కలిసే చోటు పేరు యూనియన్స్ ఎండ్. అక్కడ నిలబడితే ఒక పక్క జంతువు లెక్కచేయని సరిహద్దు, మరో పక్క దాటలేని సరిహద్దు కనిపిస్తాయి. రెండూ వలస పాలకుల కాలంలో పుట్టినవే. తేడా అల్లా తీగ దగ్గరే.

నీరు పైన లేకపోతే చెట్లు కిందికి వెళ్తాయి. ఈ ప్రాంతంలో షెపర్డ్స్ ట్రీ అనే తెల్ల మానుచెట్టు ఒకటుంది, చూడటానికి చిన్నదే. మధ్య కలహారిలో బావి తవ్వుతుంటే దాని వేరు 68 మీటర్ల లోతున దొరికింది. ప్రపంచంలో ఇప్పటివరకు నమోదైన అతి లోతైన వేర్లలో అది ముందుంటుంది. నేల మీద పాకే త్సమ్మా తీగది మరో దారి. మన పుచ్చకాయకు దగ్గరి చుట్టం. కాయలో తొంభై శాతం నీరే. కత్తుల్లాంటి నిటారు కొమ్ములున్న జెమ్స్‌బాక్ జింకలు ఎండాకాలంలో వాటిని తిని, గిట్టలతో నేల తవ్వి దుంపలు నమిలి, తాగే నీరు లేకుండానే నెలలు నెట్టుకొస్తాయి. ఇక్కడి వేటగాళ్ల ఆదిమ జాతి శాన్ ప్రజలు కూడా తరతరాలుగా ఈ కాయల మీదే ఎండాకాలం దాటారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది శాండ్‌గ్రౌస్ పక్షి కథ. పావురమంత ఉంటుంది, దిబ్బల మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టిన రోజు నుంచి ఎండు గింజలే తింటాయి. ఎగరలేవు, నీరేమో ఎన్నో కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అప్పుడు తండ్రి నీటిగుంటలో దిగి, పొట్ట ఈకలు తడిసేలా అటూ ఇటూ ఊగి, ఆ నీటితో గూటికి ఎగిరి వస్తుంది. పిల్లలు కిందికి చేరి ఈకలను ముక్కుతో దువ్వి నీరు తాగుతాయి. ఎడ్మండ్ మీడ్-వాల్డో అనే ఆంగ్లేయుడు పెంపుడు పక్షుల్లో దీన్ని చూసి 1896లోనే రాశాడు. చాలామంది నమ్మలేదు. 1967లో టామ్ కేడ్, గోర్డన్ మెక్‌లీన్ అనే పరిశోధకులు కలహారి పక్షులను గమనించి ప్రచురించాకే ఆ మాట నిలబడింది. ఈక ఇంత నీటిని ఎలా పట్టుకుంటుందన్నది తేలడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. అమెరికాలోని ఎంఐటీకి చెందిన లోర్నా గిబ్సన్, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకెన్ ముల్లర్ 2023లో శక్తిమంతమైన సూక్ష్మదర్శినులతో చూశారు. పొట్ట ఈకల్లోని నూలు లాంటి సన్నటి పోగులు పొడిగా ఉన్నప్పుడు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. తడవగానే విప్పుకుని నిలబడి, వాటి మధ్య నీటిని బంధిస్తాయి. ఒక మగపక్షి అలా సుమారు 25 మిల్లీలీటర్లు మోస్తుంది, తన బరువులో దాదాపు ఏడో వంతు. ఎగురుతున్నప్పుడు గాలికి అది జారిపోదు. ఈ కుటుంబపు పక్షులు రాయలసీమ మెట్ట నేలల్లోనూ ఉన్నాయి.

ఇప్పుడు ఆ పక్షులు దిగే గుంటల్లో చాలావరకు మనిషి పెట్టినవే. మొదటి ప్రపంచ యుద్ధంలో, జర్మన్ల చేతిలో ఉన్న నేటి నమీబియా మీదికి దక్షిణాఫ్రికా సేనలు వెళ్లడానికి వీలుగా 1914లో ఔవోబ్ గర్భంలో బోరుబావులు తవ్వించారు. సైన్యం కోసం వేసిన బోర్లు జంతువులకు మిగిలాయి. తరవాత నొసోబ్ వెంట కూడా వేశారు. వాటి వల్లే పర్యాటకులకు రోడ్డు పక్కన కూర్చుని సింహాన్ని చూసే భాగ్యం దక్కుతోంది. అయితే తిరిగే జంతువును ఒకచోట కట్టిపడేసేదీ ఆ నీరే. గుంట చుట్టూ గడ్డి అరిగి నేల బోడిగా మారుతుంది. బోర్లు ఎన్ని ఉండాలన్న వాదన ఇలాంటి పార్కుల్లో తెగేది కాదు. నా ఓటు తక్కువకే.

కంచెలు ఇనుపవే కానక్కర్లేదు. 1931 ప్రకటన తరవాత శాన్‌లలో ఒక తెగ అయిన ఖోమానీ శాన్ ప్రజలు తమ వేటనేల మీదే పరాయివాళ్లయ్యారు, క్రమంగా బయటికి వెళ్లగొట్టబడ్డారు. వర్ణవివక్ష పాలన పోయాక వాళ్లు వేసిన భూమి దావా 1999లో ఫలించింది. 2002 ఒప్పందంతో పార్కు లోపల సుమారు 25,000 హెక్టార్లు వాళ్లకు దక్కాయి. పొరుగునున్న మీర్ సమాజానికీ భూమి వచ్చింది. ఆ నేల ఇప్పటికీ సంరక్షిత ప్రాంతమే, కానీ యజమానులు వేరు. 2017లో యునెస్కో ఖోమానీ సాంస్కృతిక భూదృశ్యాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వెళ్లాలనుకునేవారికి దక్షిణాఫ్రికాలోని ఉపింగ్టన్ దగ్గరి విమానాశ్రయం. అక్కడి నుంచి ట్వీ రివీరెన్ గేటు సుమారు 250 కిలోమీటర్లు. జనవరిలో నలభై డిగ్రీలు దాటే ఎండ, జూన్, జులై రాత్రుల్లో సున్నా కంటే దిగువకు చలి. విడిది చోట్లలో తప్ప వాహనం దిగకూడదు, పొద్దు గూకేలోగా విడిదికి చేరాలి. బోట్స్వానా లోపలి దిబ్బల్లోకి నాలుగు చక్రాలకూ శక్తి అందే వాహనం లేకుండా వెళ్లలేం. వచ్చిన దేశపు గేటులోంచే తిరిగి వెళ్లేవారికి సరిహద్దు తనిఖీ అక్కర్లేదు. మరో దేశంలోకి దిగాలంటే పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకోవాలి, పార్కులో కనీసం రెండు రాత్రులు గడపాలి. పార్కును అడ్డదారిగా వాడుకోకుండా పెట్టిన నిబంధన అది. జెమ్స్‌బాక్‌లకు వర్తించదు.