'పాఠం సంతృప్తికరంగా సాగింది': ఛాత్రోపాధ్యాయుల రికార్డుల వెనక కథ

ప్రాథమిక బళ్లలో టీచరు కావడానికి డీఎల్‌ఎడ్ అనే రెండేళ్ల కోర్సు చదువుతూ బడికి ఇంటర్న్‌షిప్‌కి వెళ్లే ఛాత్రోపాధ్యాయులు రాయాల్సిన రికార్డులు చాలానే ఉంటాయి. పాఠ్య పథకాలు, పరిశీలన పట్టికలు, కేస్ స్టడీ, టీఎల్‌ఎం (బోధనోపకరణాల) రికార్డు. వీటన్నిటి మధ్యలో రిఫ్లెక్టివ్ జర్నల్ అనే నోటుబుక్కు ఒకటుంటుంది. ఈ రోజు ఏం చెప్పాను, పిల్లలకు ఏది ఎక్కింది, ఏది ఎక్కలేదు, ఎందుకు ఎక్కలేదు, రేపు ఏం మార్చుకోవాలి అని తనకు తానే రాసుకోవాల్సిన పుస్తకం అది. రెండేళ్ల శిక్షణలో అసలు నేర్చుకోవడం జరిగేది అక్కడే.

చిత్తూరు వైపు గానీ తిరుపతి వైపు గానీ ఆ నోటుబుక్కులు ఓ పది తిరగేస్తే ఒకే చేతిరాతలా కనిపిస్తాయి. 'ఈ రోజు పాఠం సంతృప్తికరంగా సాగింది. విద్యార్థులు చురుకుగా పాల్గొన్నారు. సమయం సరిపోలేదు.' ఈ మూడింట్లో నమ్మదగ్గది చివరి వాక్యమే. ఛాత్రోపాధ్యాయులు బద్ధకించి ఇలా రాస్తున్నారని తేల్చెయ్యడం తేలిక. కానీ ఈ మూడు వాక్యాలకు రెండు వందల ఏళ్ల వెనక నుంచి చరిత్ర ఉంది.

ముందు ఆ నోటుబుక్కులో ఏం ఉండాలో ఒక ఉదాహరణ చూద్దాం. నగరి వైపు ఓ ప్రాథమిక పాఠశాల, మూడో తరగతి, తీసివేతలు. బోర్డు మీద 52లోంచి 27 తీసెయ్యమని లెక్క. ఓ పిల్లాడు 35 అని రాస్తాడు. తప్పు కొట్టేసి, పక్కన 25 వేసి ముందుకెళ్లడం మామూలే. 'ఎట్లా చేసినావు నాయనా?' అని అడిగితే మాత్రం సంగతి బయటపడుతుంది. 'రెండులోంచి ఏడు పోదు గదా సార్, అందుకే ఏడులోంచి రెండు తీసేసినా.' ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలని ఎవరో చెప్పిన మాటను వాడు బుద్ధిగా పాటించాడు. వాడికి తీసివేత వచ్చు, రానిది స్థాన విలువ. పది చీపురు పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు చొప్పున ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి ఏడు పుల్లలు ఇవ్వమంటే, 'ఒక కట్ట ఇప్పాల సార్' అని వాడే అంటాడు. జర్నల్‌లోకి ఎక్కాల్సింది ఆ మాట. ఎక్కేది మాత్రం 'మరింత అభ్యాసం అవసరం' అన్న ముక్క.

ఎందుకంటే ఆ మాట పెట్టడానికి పాఠ్య పథకంలో గడి లేదు. ఉపాధ్యాయ కృత్యం ఒక వైపు, విద్యార్థి కృత్యం ఇంకో వైపు గీతలు కొట్టి ముందు రోజే నింపేస్తారు. పిల్లాడు రేపు ఏం చేస్తాడో ఈ రోజే రాసెయ్యాలి.

ఈ గీతలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూడాలంటే మద్రాసు దాకా వెళ్లాలి. చిత్తూరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1911లో విడి జిల్లా అయ్యేదాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. ఆ రోజుల్లో ఊళ్లలో ఉన్నవి వీధిబడులు. అయ్యవారు అరుగు మీద కూర్చుంటే పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాళ్లు, కాస్త పెద్దపిల్లలు చిన్నపిల్లలకు దిద్దబెట్టేవాళ్లు. ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాధికారి ఓ వీధిబడిలో ఈ ఇసుక రాత చూశాడు. తన దగ్గర జీతమిచ్చి పెట్టుకున్న పంతుళ్లు మాట వినకపోతే, ఎనిమిదేళ్ల పిల్లాడి చేత చిన్నవాళ్లకు అక్షరాలు నేర్పించాడు. ఇంగ్లండు తిరిగి వెళ్లి 1797లో ఆ సంగతి అచ్చు వేయించాడు. 'మద్రాసు పద్ధతి' పేరుతో అది అక్కడ వందల బళ్లకు పాకింది. మన అరుగు మీది పద్ధతి ఇంగ్లండుకు వెళ్లి పేరు తెచ్చుకుంది. ఇక్కడ మాత్రం అరుగుల మీది అయ్యవార్లకు చదువు చెప్పడం రాదన్న ముద్ర పడింది.

ఇంగ్లండు నుంచి కంపెనీ పాలకులకు వచ్చిన విద్యా ఆదేశపత్రం, 1854 నాటి వుడ్ డిస్పాచ్, ఉపాధ్యాయులకు శిక్షణ కావాలంది. 1856లో మద్రాసులో నార్మల్ స్కూలు పెట్టారు. తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీగా పేరు పడ్డది అదే. జిల్లాల్లోనూ ట్రైనింగ్ స్కూళ్లు వచ్చాయి. అదే కాలంలో ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి కూడా నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు, పాసైనవాళ్లను బట్టి బడికి డబ్బులు. దాంతో పంతులు చూపు పిల్లాడి మీది నుంచి ఇన్‌స్పెక్టరు మీదికి మళ్లింది. నా లెక్కలో రికార్డు రాతకు బీజం పడింది అక్కడే. తరవాత గ్రాంటు పద్ధతి పోయింది గానీ ఆ చూపు పోలేదు.

జర్మనీలో హెర్బార్ట్ అనే తత్వవేత్త శిష్యులు తయారుచేసిన ఐదు సోపానాల పాఠ్య పథకం ఇంగ్లండు మీదుగా మన ట్రైనింగ్ స్కూళ్లకు చేరింది. సన్నాహం, ప్రదర్శన, సంసర్గం, సాధారణీకరణం, అన్వయం. తెలుగు పద్యానికీ ఇదే, భిన్నాలకూ ఇదే. 1937లో గాంధీజీ వార్ధా పథకంతో ఈ వరసకు పెద్ద ఎదురు వచ్చింది. చేతిపనిలోంచే చదువు రావాలన్నారు. స్వాతంత్ర్యం తర్వాత చాలా ట్రైనింగ్ స్కూళ్లు బేసిక్ ట్రైనింగ్ స్కూళ్లయ్యాయి. ఆలోచన గొప్పదే. అమల్లో మాత్రం ఏ పాఠాన్నయినా లాక్కొచ్చి తకిలీకి (నూలు వడికే కదురుకు) ముడిపెట్టడం ఒక తంతుగా మారింది. నూలు పోగును లెక్కలకు అన్వయించొచ్చు, అక్బరు పాలనకు ఎలా అన్వయిస్తారు? అయినా అన్వయించి రాశారు, మార్కులు పడ్డాయి.

1960ల నుంచి అమెరికా విద్యావేత్త బ్లూమ్ చేసిన బోధనా లక్ష్యాల వర్గీకరణ, ఆ వెనక సూక్ష్మబోధన వచ్చాయి. బ్లూమ్ వల్ల 'విద్యార్థి గుర్తిస్తాడు, పోలుస్తాడు, వర్గీకరిస్తాడు' అన్న వాక్యాలు పుట్టాయి. ఇప్పటికీ పథకాల్లో ఉండేవి ఇవే. సూక్ష్మబోధనలో అయిదారు నిమిషాల పాఠం, ఎదుట కూర్చునేది తోటి ఛాత్రోపాధ్యాయులే. ఇరవై ఏళ్ల వాళ్లు మూడో తరగతి పిల్లల్లా నటిస్తూ జవాబులు చెప్తుంటారు. వాళ్లలో ఒక్కరు కూడా 35 అనరు.

ఇంతలో మన ప్రాంతానికి దగ్గర్లోనే రెండు వేరే దారులు తెరుచుకున్నాయి. ఒకటి ప్రభుత్వానిది. 1984లో బ్రిటిష్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతా విస్తరించింది. పాతతరం టీచర్లకు 'ఏపీపెప్' అంటే వెంటనే గుర్తొచ్చేవి ఆరు సూత్రాలు. టీచరే కృత్యాలు తయారుచేసుకోవడం, చేస్తూ నేర్చుకోవడం, వ్యక్తిగతంగానూ గుంపుల్లోనూ తరగతి మొత్తంగానూ పని, పిల్లల మధ్య తేడాలకు చోటివ్వడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని తరగతి గదిలో ప్రదర్శించడం. టీచర్ సెంటర్లలో కలిసి కూర్చుని ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు అని మాట్లాడుకునే ఏర్పాటూ ఉండేది. ఈ ఆరింట్లో తనిఖీకి వచ్చినవాళ్ల కంటికి ముందుగా ఆనేది చివరిది. కాబట్టి పిల్లల పనిని వేలాడదీయడానికి గోడకు తాడు కట్టడం ప్రతి బడిలోనూ జరిగింది.

రెండోది మదనపల్లె దగ్గర రిషివ్యాలీది. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో 1926లో మొదలైన ఆ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో చిన్నచిన్న ఏకోపాధ్యాయ బడులు నడిపింది. ఒక గది, ఒక టీచరు, ఐదు తరగతుల పిల్లలు. అలాంటి చోట ఐదు సోపానాలు ఎందుకూ పనికిరావు. పద్మనాభరావు, రమ దంపతుల ఆధ్వర్యంలో అక్కడివాళ్లు పాఠాలను చిన్న కార్డులుగా విడగొట్టి, గుర్తులు వేసి, ఒక నిచ్చెనలా గోడకు పెట్టారు. పిల్లవాడు తన మెట్టు తాను చూసుకుని కార్డు తీసుకుంటాడు. కొన్ని పనులకు టీచరు పక్కన ఉండాలి, కొన్నిటికి తోటి పిల్లలు చాలు. బెల్ చూసిన వీధిబడి పద్ధతే కార్డులు పట్టుకుని తిరిగొచ్చిందనిపిస్తుంది నాకు. 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లు దీన్ని తీసుకున్నాయి, తర్వాత తమిళనాడు అంతటికీ వెళ్లింది. ఆ కార్డులు ఒక్కసారి రాసి ఊరుకున్నవి కావు. పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో టీచర్లు చూసి చెప్తే మార్చుకుంటూ పోయారు. రిఫ్లెక్షన్ అంటే పనిలో ఎలా ఉంటుందో చూపించడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

మన ఛాత్రోపాధ్యాయులకు ఇది సిలబస్‌లో ఒక యూనిట్. ఎస్సే ప్రశ్నగా రావచ్చు.

1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకో డైట్ (ప్రభుత్వ జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) వచ్చింది. చిత్తూరు జిల్లా డైట్ కార్వేటినగరంలో ఉంది. ఆ తరవాత కాలంలో ప్రైవేటు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. కొన్ని చోట్ల క్లాసుకు రాకుండానే చదువు పూర్తిచేసే 'నాన్ అటెండింగ్' బేరాలు, డబ్బులిస్తే రికార్డులు రాసిపెట్టే మనుషులు, జిరాక్సు షాపుల్లో దొరికే రెడీమేడ్ పథకాలు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో శిక్షణ సంస్థల్లో అత్యధికం ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయనీ, నాణ్యత పడిపోయిందనీ గట్టిగానే చెప్పింది. దాని ఫలితమే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనలు. రెండేళ్ల డీఎల్‌ఎడ్‌లో ఇంటర్న్‌షిప్ 20 వారాలకు పెరిగింది.

రిఫ్లెక్టివ్ జర్నల్ వచ్చింది ఈ గాలిలోనే. అనుభవం మీద ఆలోచిస్తేనే చదువవుతుందని జాన్ డ్యూయీ ఎప్పుడో అన్నాడు. పని చేస్తూనే ఆలోచించే నిపుణుల గురించి డోనాల్డ్ షాన్ 1983లో రాశాడు. మన 2009 జాతీయ ఉపాధ్యాయ విద్యా చట్రం ఈ మాటలను మధ్యకు తెచ్చింది. తన తరగతి గదిని తానే పరిశీలించుకునే టీచరు కావాలంది. మంచి మాటే, కానీ ఆ మాట వచ్చి చేరింది రికార్డుకు మార్కులు వేసే పాత బల్ల మీదికే. మార్కులు వేసేవాళ్లకు చూపించే నోటుబుక్కులో 'నాకు స్థాన విలువ చెప్పడం రాలేదు' అని ఎవరు రాస్తారు? టెన్షన్ ఉన్నచోట నిజం రాయరు. అబ్జర్వేషన్‌కు వచ్చిన మేడం ముందు చార్టు జారి కిందపడ్డ సంగతి హాస్టల్ గదిలో చెప్పుకుని నవ్వుకుంటారు, జర్నల్‌లో పెట్టరు. పైగా డైట్‌లలో లెక్చరర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ. ఉన్నవాళ్లు అన్ని నోటుబుక్కులూ చదివి, పిల్లాడి 35 మీద పక్కన నాలుగు మాటలు రాసివ్వడం జరిగే పని కాదు. సంతకం, తేదీ, అంతే.

ఈలోగా బడి కూడా మారిపోయింది. 2020-21లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు వచ్చాయి. కుప్పం, నగరి, సత్యవేడు వైపు ఇళ్లలో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలకు ఈ రెండు పేజీలూ పరాయివే. 2022లో వచ్చిన జీవో 117తో చాలా చోట్ల 3, 4, 5 తరగతులు దగ్గర్లోని హైస్కూలుకు వెళ్లాయి. ఒకటి, రెండు తరగతులే మిగిలిన బడిలో వేసిన ఛాత్రోపాధ్యాయికి పరిసరాల విజ్ఞానం చెప్పే అవకాశమే లేకపోయింది. ఆ సబ్జెక్టు మూడో తరగతి నుంచి కదా. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు.

బీఈడీ వాళ్లు ప్రాథమిక బళ్లలో చెప్పొచ్చా అన్న గొడవ కూడా ఇక్కడికే వస్తుంది. 2018లో ఎన్‌సీటీఈ చెప్పొచ్చంది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు కుదరదంది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే విద్య, దానికి వేరే శిక్షణ ఉండాలన్నది తీర్పు సారం. 2024 ఫిబ్రవరిలో ఎస్‌జీటీ (ప్రాథమిక బడి టీచరు) పోస్టులకు బీఈడీ వాళ్లను అనుమతించడాన్ని మన హైకోర్టు నిలిపేసింది. అంటే ఆ వేరే విద్య ఏమిటో చూపించాల్సిన పూచీ డీఎల్‌ఎడ్ మీద పడింది.

ఆ విద్యను ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు కొలిచేది డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష. 2025 మెగా డీఎస్సీలో మొత్తం పోస్టులు 16,347. ఎస్‌జీటీకి కంప్యూటర్ మీద బిట్లు పెట్టే పరీక్షకు 80 మార్కులు, మిగతా 20 టెట్ (టీచరు అర్హత పరీక్ష) వెయిటేజీ. 20 వారాల ఇంటర్న్‌షిప్‌కి ఇందులో ఒక్క మార్కు కూడా లేదు. అందుకే చాలామంది ఇంటర్న్‌షిప్ చివరి వారాల్లోనే తిరుపతిలోనో అవనిగడ్డలోనో కోచింగ్ సీటు చూసుకుంటారు. మెథడ్స్ బిట్లలో స్థాన విలువ బోధనకు వాడాల్సిన ఉపకరణం ఏది అని అడుగుతారు. నాలుగు ఆప్షన్లలో పుల్లల కట్టలు ఉంటే దాన్ని టిక్ పెట్టడం అందరికీ వచ్చు.